యూఎస్‌బీ పోర్టు హోస్టా, డివైసా? గట్టు మీద పెట్టే లినక్స్ బోర్డుకి ఏ పద్ధతి మంచిది

మైపాడుకి పోయే దారిలో ఒక రైతు రొయ్యల గుంటల దగ్గర నేను పెట్టిన లాగర్ (సెన్సర్ రీడింగులు రాసిపెట్టే చిన్న లినక్స్ బోర్డు) ఒక రాత్రి ఊరుకుండిపోయింది. కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది, ఏరియేటర్లు మళ్ళీ తిరిగాయి. బోర్డు కూడా మళ్ళీ లేచింది, లైటు వెలుగుతూనే ఉంది. డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) రీడింగ్ మాత్రం రాలేదు. పొద్దున్నే ఫోన్ వచ్చింది: "ఏంది నాయనా, నిన్న సాయంత్రం దాకా పలికింది గదా!"

వెళ్ళి చూస్తే సెన్సర్ బాగుంది, ఆర్‌ఎస్‌-485 కన్వర్టర్ (సెన్సర్‌ని యూఎస్‌బీకి కలిపేది) బాగుంది, వైర్లు బాగున్నాయి. ఆ బోర్డుకి ఉన్నది ఒకటే యూఎస్‌బీ పోర్టు. నిన్నటిదాకా హోస్ట్‌గా (అడిగే వైపు) ఉన్న ఆ పోర్టు రీబూట్ తర్వాత డివైస్‌గా (జవాబిచ్చే వైపు) లేచింది. ఇటు బోర్డూ డివైసే, అటు కన్వర్టరూ డివైసే. అవతలివాళ్ళు ముందు పలకరించాలని రెండూ కాచుకుని కూర్చున్నాయి. తప్పు నాదే. బిగించిన రోజు చేత్తో ఒక కమాండ్ కొట్టి రోల్ మార్చాను, అది రీబూట్‌తో పోతుందన్న సంగతి పట్టించుకోలేదు.

ఆక్వా తెలిసినవాళ్ళకి ఇది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. నీళ్ళలోని పాచి పగలు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున గుంటలో డీవో అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికి దిగితే రైతుకి టెన్షన్. సరిగ్గా ఆ వేళకే మా లాగర్ మూగబోయింది. ఏరియేటర్లు తిరుగుతున్నాయి కాబట్టి ఆ రాత్రి నష్టం జరగలేదు. అవి కూడా ఆగి ఉంటే అలారం మోగేది కాదు.

ఆ తర్వాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడ బోర్డు పెట్టినా, బోర్డు కొనేముందే ఆ పోర్టు రోల్ ఎలా నిర్ణయమవుతుందో తేల్చుకుంటున్నాను. దారులు నాలుగైదు ఉన్నాయి. ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో ఇక్కడ రాస్తున్నాను. ఫోల్డర్ల పేర్లు, కమాండ్లు మాత్రం గట్టు మీదున్న కుర్రాళ్ళకి ఫోన్‌లో చదివి చెప్పే తీరులోనే ఉంటాయి.

5 వోల్టులు ఎవరిస్తున్నారు?

యూఎస్‌బీలో రెండు కొసలూ సమానం కావు. హోస్ట్ అడుగుతుంది, డివైస్ జవాబిస్తుంది. హోస్ట్ అడగనిదే డివైస్ డేటా పంపదు. ఆ కేబుల్‌లో 5 వోల్టులు ఇవ్వాల్సింది కూడా మామూలుగా హోస్టే. లాప్‌టాప్ హోస్ట్, పెన్‌డ్రైవ్ డివైస్, ఇందులో గొడవ లేదు. లినక్స్ బోర్డుల్లో కొన్ని పోర్టులు మాత్రం రెండు విధాలా పనిచేయగలవు. సెన్సర్ కన్వర్టర్ తగిలిస్తే బోర్డు హోస్ట్ కావాలి. లాగ్ దించుకోవడానికి లాప్‌టాప్‌కి తగిలిస్తే అదే బోర్డు డివైస్ కావాలి.

కాబట్టి ఎంపికలోనైనా, రిపేరులోనైనా నేను మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ కేబుల్‌లో కరెంటు ఎవరిస్తున్నారు, ఎవరు తీసుకుంటున్నారు? డ్రైవర్ తప్పనుకుని మూడు రోజులు కెర్నల్ (లినక్స్ గుండెకాయ) బిల్డ్ చేసుకున్నవాళ్ళని చూశాను. మల్టీమీటర్ పెడితే పోర్టులో అసలు 5 వోల్టులే లేవు. కన్వర్టర్‌కి ప్రాణమే లేనప్పుడు లినక్స్‌కి అది ఎలా కనిపిస్తుంది?

ఇంకొక మాట. 4జీ డాంగిల్ మొదట సీడీ డ్రైవ్‌లా కనిపించి, తర్వాత మోడెమ్‌గా మారడానికి వాడే యూఎస్‌బీ_మోడ్‌స్విచ్ వేరే సంగతి. అక్కడ డాంగిల్ తన వేషం మార్చుకుంటుంది, బోర్డు మొదటినుంచీ హోస్ట్‌గానే ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉండడంతో చాలామంది ఈ రెండూ కలిపేసుకుని తప్పు చోట వెతుకుతున్నారు.

డివైస్ ట్రీలో రోల్ కట్టేయడం

నా మొదటి ఎంపిక ఎప్పుడూ ఇదే. బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఎలా ఉందో కెర్నల్‌కి చెప్పే ఫైలే డివైస్ ట్రీ. దాంట్లో ఆ యూఎస్‌బీ కంట్రోలర్ దగ్గర 'డీఆర్_మోడ్' అనే ప్రాపర్టీ ఉంటుంది. దానికి మూడు విలువలు: హోస్ట్, పెరిఫెరల్ (అంటే డివైస్), ఓటీజీ (రెండు విధాలా). హోస్ట్ అని రాస్తే ఎన్నిసార్లు కరెంటు పోయి వచ్చినా ఆ పోర్టు హోస్ట్‌గానే లేస్తుంది. ఏ సర్వీసూ, ఏ స్క్రిప్టూ అక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పైలో అయితే డివైస్ ట్రీ ముట్టుకోకుండానే కాన్ఫిగ్ ఫైల్‌లో 'డీటీఓవర్‌లే=డీడబ్ల్యూసీ2, డీఆర్_మోడ్=హోస్ట్' అనో, పెరిఫెరల్ అనో ఒక లైను రాస్తే చాలు.

పేర్లు ఇక్కడ కొంచెం తికమక పెడతాయి. డివైస్ ట్రీలో 'పెరిఫెరల్' అంటారు, రోల్ ఫైల్‌లో 'డివైస్' అంటారు, ఐ.ఎమ్‌ఎక్స్ చిప్పుల చిప్‌ఐడియా డ్రైవర్‌లో 'గాడ్జెట్' అంటారు. మూడూ ఒకటే. ఒక చోట చూసిన మాట ఇంకో చోట రాస్తే కెర్నల్ ఒప్పుకోదు.

ఈ పద్ధతిలో ఎక్కువమంది చేసే పొరపాటు వేరే ఫైల్ మార్చడం. సోర్సులో డీఆర్_మోడ్ మార్చి, కంపైల్ చేసి, కాపీ కొడతారు. బూట్‌లోడర్ ఇంకో ఫోల్డర్‌లోని పాత ఫైల్‌నే ఎత్తుకుంటుంది. నేనైతే ఎప్పుడూ నడుస్తున్న బోర్డునే అడుగుతాను. /ప్రాక్/డివైస్-ట్రీ కింద 'డీఆర్_మోడ్' అనే పేరుతో ఫైండ్ కొట్టి, దొరికిన ఫైల్‌ని క్యాట్ చేస్తే కెర్నల్ ప్రస్తుతం ఏం నమ్ముతోందో తెలుస్తుంది. అక్కడ ఓటీజీ అని ఉంటే మీరు సోర్సులో ఏం రాసినా లెక్కలేదు.

రోల్ కట్టేస్తే రెండో పని పోతుంది, నిజమే. కానీ గట్టు మీద పెట్టె మూత తీసి, ఉన్న ఒక్క పోర్టుకే ఒకసారి సెన్సర్, ఒకసారి లాప్‌టాప్ తగిలించే అవసరం నిజంగా ఎంతమందికి ఉంది? లాగ్ వైఫైలో దించుకోవచ్చు, ఈథర్‌నెట్‌లో దించుకోవచ్చు. బోర్డు మీద మూడు పిన్నుల సీరియల్ కన్సోల్ ఉంటే టీటీఎల్ కేబుల్‌తో లోపలికి పోవచ్చు. యూఎస్‌బీ పూర్తిగా చెడినా బోర్డు ఎందుకు లేవడం లేదో చెప్పేది ఆ సీరియల్ కన్సోలే. అందుకే ఆ కేబుల్ ఒకటి నా సంచీలో ఎప్పుడూ ఉంటుంది.

ఐడీ పిన్ను మీద వదిలేయడం

2001లో యూఎస్‌బీ 2.0కి అనుబంధంగా వచ్చిన ఓటీజీ ప్రమాణం ఈ పనికి ఒక తేలికైన ఉపాయం చూపించింది. చిన్న పోర్టులో ఐడీ అనే అదనపు పిన్ను పెట్టారు. తగిలించిన కేబుల్ ఆ పిన్నుని గ్రౌండ్‌కి కలిపితే బోర్డు హోస్ట్ అవుతుంది, ఖాళీగా వదిలేస్తే డివైస్ అవుతుంది. ఓటీజీ కేబుల్‌కీ మామూలు మైక్రో కేబుల్‌కీ మైక్రో కొసలో ఉన్న తేడా ఈ ఒక్క పిన్నే. లినక్స్‌లో ఈ పిన్నుని ఒక జీపీఐఓకి (ప్రాసెసర్ చదవగల మామూలు పిన్నుకి) కలిపి, డివైస్ ట్రీలో 'జీపీఐఓ-యూఎస్‌బీ-బీ-కనెక్టర్' నోడ్ కింద 'ఐడీ-జీపీఐఓస్' అని రాస్తే, యూఎస్‌బీ-కాన్-జీపీఐఓ డ్రైవర్ దాన్ని కనిపెడుతూ రోల్ మారుస్తుంది. ఆల్‌విన్నర్ చిప్పుల్లో ఇదే పని ఫై (యూఎస్‌బీ తీగల సిగ్నల్ చూసే భాగం) డ్రైవర్ చూసుకుంటుంది.

టేబుల్ మీద ఇది చాలా బాగుంటుంది. ఒంగోలులో ఇంజనీరింగ్ ప్రాజెక్టు చేసే పిల్లలకి నేను ఇదే చెప్తాను. కేబుల్ మారిస్తే రోల్ మారుతుంది, కమాండ్ అక్కర్లేదు, జరుగుతున్నది కళ్ళకి కనిపిస్తుంది.

సముద్రం పక్కన మాత్రం దీన్ని నమ్మను. తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు వైపు గుంటల దగ్గర గాలిలోనే ఉప్పు. పెట్టె ఎంత బిగించినా మైక్రో పోర్టు పిన్నుల మీద కొన్నాళ్ళకి పచ్చగా చిలుము పడుతుంది. డేటా పిన్నులకి చిలుము పడితే కనెక్షన్ పోతుంది, అది కనీసం తెలుస్తుంది. ఐడీ పిన్నుకి పడితే రెండు రకాల తిప్పలు. కేబుల్‌లోని గ్రౌండ్ అందక హోస్ట్ కాస్తా డివైస్ అవుతుంది. లేదా ఉప్పు తేమలో ఐడీకీ పక్కనున్న గ్రౌండ్‌కీ మధ్య కొంచెం కొంచెం కరెంటు లీకై, ఏమీ తగిలించకుండానే బోర్డు హోస్ట్‌లోకి దూకుతుంది. రాత్రి మంచుకి ఒక రోల్, పగలు ఎండకి ఒక రోల్. ఇలాంటి బోర్డు ఒకటి నా చేతికి వచ్చింది. డీమెసేజ్ (కెర్నల్ సందేశాలు) చూస్తే ఎక్స్‌హెచ్‌సీఐ హోస్ట్ కంట్రోలర్ వచ్చినట్టు, పోయినట్టు లైన్ల మీద లైన్లు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పోర్టు కడిగి ఆరబెట్టాక ఆగిపోయింది. కొన్నాళ్ళకి మళ్ళీ మొదలైంది. అప్పుడు డీఆర్_మోడ్ హోస్ట్ అని కట్టేశాను. ఇక ఐడీ పిన్ను ఏం చెప్పినా వినే పని లేదు.

సాఫ్ట్‌వేర్‌తో మార్చడం

నన్ను మైపాడులో దెబ్బతీసిన పద్ధతి ఇది. అయినా కొన్ని చోట్ల ఇది తప్ప వేరే దారి లేదు, కాబట్టి సరిగ్గా ఎలా వాడాలో చెప్పాలి.

కెర్నల్ 4.17 నుంచి యూఎస్‌బీ రోల్ స్విచ్ అనే క్లాస్ ఉంది. /సిస్/క్లాస్/యూఎస్‌బీ_రోల్ కింద మీ కంట్రోలర్ పేరుతో ఒక ఫోల్డర్, దాంట్లో 'రోల్' అనే ఫైల్ ఉంటుంది. చదివితే హోస్ట్, డివైస్, నన్ అనే మూడిట్లో ఒకటి వస్తుంది. రాస్తే మారుతుంది. ఆ ఫోల్డర్ ఉండాలంటే డివైస్ ట్రీలో డీఆర్_మోడ్ ఓటీజీ అని ఉండాలి, 'యూఎస్‌బీ-రోల్-స్విచ్' ప్రాపర్టీ కూడా ఉండాలి. కొన్నిసార్లు ఫోల్డర్ ఉండి ఫైల్ కనిపించదు. యూజర్ మార్చవచ్చని ఆ డ్రైవర్ ఒప్పుకుంటేనే ఫైల్ బయటపడుతుంది.

డీడబ్ల్యూసీ3 అనే యూఎస్‌బీ కంట్రోలర్ ఉన్న బోర్డుల్లో ఇంకో తలుపు ఉంది. /సిస్/కెర్నల్/డీబగ్/యూఎస్‌బీ కింద కంట్రోలర్ అడ్రస్ పేరుతో ఫోల్డర్, దాంట్లో 'మోడ్' ఫైల్. రాక్‌చిప్ ఆర్‌కే3566, 3568 చిప్పుల్లో రెండు రోల్స్ చేయగల కంట్రోలర్ అడ్రస్ ఎఫ్‌సీసీ00000. పక్కనున్న ఎఫ్‌డీ000000 హోస్ట్ పనికే. అడ్రస్ చూసుకోకుండా రెండోదాని మీద గంటలు గంటలు పోరాడిన వాళ్ళున్నారు. రాక్‌చిప్ కంపెనీ సొంత కెర్నల్ వాడితే మోడ్ మార్చే ఫైల్ ఇంకో చోట ఉంటుంది: /సిస్/డివైసెస్/ప్లాట్‌ఫాం కింద ఎఫ్‌ఈ8ఏ0000 యూఎస్‌బీ2-ఫై ఫోల్డర్‌లో 'ఓటీజీ_మోడ్'. అక్కడ హోస్ట్, పెరిఫెరల్, ఓటీజీ అని రాయాలి.

డీడబ్ల్యూసీ3 దగ్గర ఒక మోసం ఉంది. డివైస్ ట్రీలో డీఆర్_మోడ్ ఓటీజీ కాకుండా హోస్ట్ అనో, పెరిఫెరల్ అనో కట్టేసి ఉంటే, మోడ్ ఫైల్‌లో మీరు ఏం రాసినా కెర్నల్ తీసుకున్నట్టే తీసుకుంటుంది. ఎర్రర్ రాదు, రోల్ మారదు. కమాండ్ పనిచేసిందనుకుని మనం కేబుల్ మారుస్తాం, తర్వాత కన్వర్టర్ మారుస్తాం, చివరికి బోర్డే మారుస్తాం. అందుకే రాసిన వెంటనే అదే ఫైల్‌ని మళ్ళీ చదవండి. ఎకో కొట్టడం (రాయడం) సగం పని, క్యాట్ కొట్టడం (చదవడం) మిగతా సగం.

రీబూట్ సంగతికి వస్తే, రోల్ స్విచ్ ఉన్న డీడబ్ల్యూసీ3 పోర్టు ఎవరూ ఏమీ చెప్పకపోతే డివైస్‌గా లేస్తుంది. మైపాడులో జరిగింది ఇదే. డివైస్ ట్రీలో 'రోల్-స్విచ్-డీఫాల్ట్-మోడ్' దగ్గర హోస్ట్ అని రాస్తే, లేచేటప్పుడు హోస్ట్‌గా లేస్తుంది, తర్వాత కావాలంటే మార్చుకోవచ్చు. బూట్‌లో నడిచే ఒక సిస్టమ్‌డీ సర్వీసు రాసి కూడా ఇది చేయవచ్చు. నేను డివైస్ ట్రీ వైపే ఉంటాను, ఎందుకంటే సర్వీసు ఏదో కారణంతో ఫెయిలైనా సెన్సర్ మాత్రం కనిపిస్తూనే ఉండాలి. ఏ రోల్ లేకపోతే రైతుకి నష్టమో బోర్డు ఆ రోల్‌తోనే లేవాలి. లాప్‌టాప్ తగిలించే మనిషి ఇంకో కమాండ్ కొట్టుకోగలడు.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. హోస్ట్‌కి పోయి మళ్ళీ డివైస్‌కి వచ్చినప్పుడు కొన్ని కంట్రోలర్లలో మీరు కట్టిన గాడ్జెట్ (బోర్డు అవతలి హోస్ట్‌కి కనిపించే వేషం) ఊడిపోతుంది. కాన్ఫిగ్‌ఎఫ్‌ఎస్‌లో ఆ గాడ్జెట్ ఫోల్డర్‌లోని 'యూడీసీ' ఫైల్‌లో కంట్రోలర్ పేరు మళ్ళీ రాయాలి. రోల్ మార్చే స్క్రిప్టులోనే ఆ లైను పెట్టేయండి.

టైప్-సీ ఉంటే

టైప్-సీలో ఐడీ పిన్ను లేదు, సీసీ పిన్నులు రెండున్నాయి. కరెంటు ఇచ్చేవైపు సీసీని రెసిస్టర్‌తో పైకి లాగుతుంది, తీసుకునేవైపు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో కిందికి లాగుతుంది. పవర్ డెలివరీ (కరెంటు గురించి రెండు కొసలూ మాట్లాడుకునే పద్ధతి) చర్చలు లేకపోతే కరెంటు ఇచ్చేదే హోస్ట్, తీసుకునేది డివైస్. మన ప్రశ్నే ఇక్కడ రూలైపోయింది.

సీ పోర్టు ద్వారా కరెంటు తీసుకునే బోర్డుకి అదే పోర్టులో సెన్సర్ తగిలించాలని చూస్తే చిక్కు ఇక్కడే. కరెంటు తీసుకుంటూ హోస్ట్‌గా ఉండాలంటే రెండువైపులా పవర్ డెలివరీ ఉండి, డేటా రోల్ మార్పుకి రెండూ ఒప్పుకోవాలి. బోర్డు మీద ఎఫ్‌యూఎస్‌బీ302 లాంటి చిప్పు, దానికి కెర్నల్‌లో డ్రైవర్ ఉంటే /సిస్/క్లాస్/టైప్‌సీ/పోర్ట్0 కింద 'డేటా_రోల్', 'పవర్_రోల్' ఫైళ్ళు కనిపిస్తాయి. ఇప్పుడున్న రోల్ చదరపు బ్రాకెట్‌లో ఉంటుంది. ఆ డ్రైవర్‌ని కెర్నల్‌లో కట్టడం మర్చిపోతే రోల్ ఏమిటో కంట్రోలర్‌కి చెప్పే నాథుడు ఉండడు, పోర్టు డీఫాల్ట్ రోల్‌లోనే ఉండిపోతుంది. ఎవరికోసం ఎవరు ఎదురుచూస్తున్నారో /సిస్/కెర్నల్/డీబగ్/డివైసెస్_డిఫర్డ్ చూస్తే దొరుకుతుంది.

రాస్ప్‌బెర్రీ పై 4 సీ పోర్టులో పవర్ డెలివరీ లేదు, అది కరెంటు తీసుకునే పోర్టు మాత్రమే. మొదటి బ్యాచ్ బోర్డుల్లో రెండు సీసీ పిన్నులకి ఒకే రెసిస్టర్ పెట్టడంతో, లోపల చిప్పున్న కొన్ని మంచి కేబుళ్ళతో ఆ బోర్డు లేవనే లేవదు. తర్వాతి రివిజన్‌లో సరిచేశారు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఇది చూసుకోండి. పై 4కి ఉన్న నాలుగు టైప్-ఏ పోర్టులూ పీసీఐఈ మీదున్న వేరే చిప్పు నుంచి వస్తాయి, అవి ఎప్పటికీ హోస్టే. డివైస్ కావాలంటే ఆ ఒక్క సీ పోర్టే గతి. అప్పుడు కరెంటు లాప్‌టాప్ నుంచి రావాలి, లేదా జీపీఐఓ 5 వోల్టుల పిన్ను నుంచి విడిగా ఇవ్వాలి. లాప్‌టాప్ పోర్టు ఇచ్చే కరెంటు చాలక బోర్డు మధ్యలో రీస్టార్ట్ అవుతుంటే రోల్ గురించి వెతక్కండి, అది పవర్ సమస్య. ఇక పై 3బీలో కంట్రోలర్‌కీ పోర్టులకీ మధ్య హబ్ చిప్పు ఉంటుంది, ఏ సెట్టింగ్ మార్చినా డివైస్ కాదు. ఆ బోర్డు మీద ఆ ప్రయత్నం వదిలేయడమే మంచిది.

రెండు పనులకి రెండు పోర్టులు

బడ్జెట్ ఒప్పుకుంటే నా సలహా ఇదే. బీగిల్‌బోన్ బ్లాక్ దీనికి మంచి ఉదాహరణ. ఒక టైప్-ఏ పోర్టు హోస్ట్, ఒక మినీ పోర్టు డివైస్, డివైస్ ట్రీలో రెండూ అలాగే కట్టేసి ఉంటాయి. మినీ పోర్టుకి లాప్‌టాప్ తగిలిస్తే నెట్‌వర్క్ కార్డులా, సీరియల్ పోర్టులా కనిపిస్తుంది. 192.168.7.2 అని కొడితే బోర్డు దొరుకుతుంది. జాక్ నుంచీ, లాప్‌టాప్ నుంచీ ఒకేసారి కరెంటు వచ్చినా బోర్డు మీది పవర్ చిప్పు చూసుకుంటుంది. హోస్ట్ పోర్టులో 4జీ డాంగిల్ పెట్టేట్టయితే మాత్రం సొంత అడాప్టర్ ఉన్న హబ్ వేయండి. డాంగిల్ సిగ్నల్ వెతుక్కునేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకి పోర్టు వోల్టేజీ పడిపోతుంది.

కనిపించకపోతే ఏ వరసలో చూడాలి

ముందు కేబుల్. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే, డేటా తీగలు లేని కేబుళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. తర్వాత మల్టీమీటర్. బోర్డు హోస్ట్ కావాల్సిన పోర్టులో 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. లేకపోతే డివైస్ ట్రీలో ఆ పోర్టుకి 'వీబస్-సప్లై' రెగ్యులేటర్ (5 వోల్టులు ఇచ్చేది) రాశారో లేదో చూడండి. రోల్ హోస్ట్ అని చూపిస్తూ 5 వోల్టులు లేకపోతే తొంభై పాళ్ళు అదే.

డివైస్‌వైపు సమస్యయితే /సిస్/క్లాస్/యూడీసీ ఫోల్డర్ చూడండి. ఖాళీగా ఉంటే బోర్డు డివైస్ రోల్‌లోనే లేదు, లేదా కెర్నల్‌లో గాడ్జెట్ సపోర్టు కట్టలేదు. డీడబ్ల్యూసీ3ని 'హోస్ట్ ఓన్లీ' అని కట్టిన కెర్నళ్ళు ఉంటాయి, 'డ్యూయల్ రోల్' అని ఉండాలి. ఫోల్డర్‌లో పేరు ఉంటే దాని కింద 'స్టేట్' ఫైల్ చదవండి. 'నాట్ అటాచ్డ్' అంటే అవతల హోస్ట్ అందలేదు, కేబుల్‌వైపు పొండి. 'కాన్ఫిగర్డ్' అంటే లాప్‌టాప్ ఒప్పుకుంది, ఇక బోర్డుని వదిలేసి లాప్‌టాప్ డ్రైవర్ చూసుకోండి. సీరియల్ గాడ్జెట్ బోర్డువైపు టీటీవైజీఎస్0 గానూ, లినక్స్ లాప్‌టాప్‌వైపు టీటీవైఏసీఎం0 గానూ కనిపిస్తుంది. విండోస్ 10లో దీనికి డ్రైవర్ విడిగా వేయక్కర్లేదు.

రెండువైపులా టైప్-ఏ ఉన్న కేబుల్‌తో బోర్డునీ లాప్‌టాప్‌నీ కలపడం మాత్రం చేయకండి. రెండువైపులా 5 వోల్టులు ఇస్తే ఒకటి ఇంకోదానిలోకి ఎక్కుతుంది, పోర్టులు కాలిపోతాయి.

మూడు చోట్ల నేను ఏం ఎంచుకున్నానంటే

మైపాడు గుంటల దగ్గర పాత బోర్డునే ఉంచాను, డీఆర్_మోడ్ హోస్ట్ అని కట్టేసి. లాగ్ వైఫైలో దించుకుంటున్నాం. ఇక ఆ బోర్డులో రోల్ అనే మాటే లేదు.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్‌లో పని పూర్తిగా తిరగబడింది. అక్కడి పాత కటింగ్ మెషీన్ పెన్‌డ్రైవ్‌లోంచి తప్ప ఫైల్ తీసుకోదు. ఆఫీసులో డిజైన్ మారినప్పుడల్లా ఒక కుర్రాడు పెన్‌డ్రైవ్ పట్టుకుని దుమ్ములో నడవాలి. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూని పెరిఫెరల్ అని కట్టేసి, మాస్ స్టోరేజ్ గాడ్జెట్‌తో పెన్‌డ్రైవ్ వేషం వేయించాం. ఆఫీసు నుంచి వైఫైలో ఫైల్ పంపితే మెషీన్‌కి పెన్‌డ్రైవ్‌లో కనిపిస్తుంది. మెషీన్ ఆ డిస్క్ ఇమేజ్‌ని చదువుతున్నప్పుడు బోర్డువైపు నుంచి అదే ఇమేజ్‌లో రాయకూడదు, ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. కాబట్టి ముందు గాడ్జెట్ విప్పి, ఇమేజ్‌లో రాసి, అన్‌మౌంట్ చేసి, మళ్ళీ కట్టేలా స్క్రిప్టు రాశాం. కరెంటు దగ్గర కూడా ఒక చిక్కు. జీరోలో పవర్ పోర్టు 5 వోల్టులూ, డేటా పోర్టు 5 వోల్టులూ లోపల ఒకటే. అడాప్టర్ వేరే పెడితే ఆ కరెంటు మెషీన్ పోర్టులోకి వెనక్కి పోతుంది. డేటా కేబుల్‌లో ఎర్ర తీగ కత్తిరించి, నల్ల తీగ, డేటా తీగలు మాత్రం ఉంచాం.

కొత్తపట్నం దగ్గర మొదలుపెట్టిన కొత్త గుంటలకి బీగిల్‌బోన్ తీసుకున్నాం. అక్కడ వైఫై లేదు, 4జీ డాంగిల్, సెన్సర్ కన్వర్టర్ రెండూ హబ్ మీద హోస్ట్ పోర్టులో ఉన్నాయి. మినీ పోర్టుకి రబ్బరు మూత పెట్టి, లాప్‌టాప్‌కి మాత్రమే అని పెట్టె మీద పెయింటుతో రాశాం. బిగించిన రోజు రైతుని పక్కన నిలబెట్టుకుని మెయిన్ స్విచ్ ఐదుసార్లు ఆపి వేశాను. ఐదుసార్లూ డీవో రీడింగ్ దానంతట అదే వచ్చింది. అప్పుడే పెట్టె మూత బిగించాను.